గరిక ఎవరి పక్షం

గరిక ఉండాలా, కార్పెట్ గడ్డి ఉండాలా, నువ్వే తేల్చు నాయినా అని చెప్పి నా కూతురు రూప పొద్దున ఆదోని బస్సెక్కింది, అక్కడి ఆస్పత్రిలో నర్సు ఆమె, సాయంత్రం దాకా ఎమ్మిగనూరు తిరిగి రాదు, ఆమెకంటే ముందు మంజునాథ్ వస్తాడు మందు పంపు వీపుకు తగిలించుకుని, వాడికి నేనొక మాట చెప్పాలి, ఒక్క మాట, ఇది లేదా అది, ఎండ ఇప్పటికే పక్కింటి గోడ ఎక్కింది, నేను మెట్ల మీద కూర్చుని గడ్డి కేసి చూస్తూనే ఉన్నాను. సిగ్గులేదూ నాకు? కూలి రేటు తేలేదాకా పత్తిచేలో కాలు పెట్టొద్దని ఊళ్లకు ఊళ్లను ఆపినవాణ్ణి. తాసిల్దారు ఆఫీసు ముందు మిట్టమధ్యాహ్నం జనాన్ని కూర్చోబెట్టినవాణ్ణి, నేను లేవమనేదాకా ఒక్కరు లేచేవాళ్లు కాదు. లక్ష్మప్ప నోట్లోంచి మాట వచ్చిందంటే తిరుగులేదనేవాళ్లు. ఎవడు మనవాడో ఎవడు పైవాడో దూరం నుంచి నడక చూసి చెప్పేవాణ్ణి. గేటుకూ మెట్లకూ మధ్య ఒక పెద్ద దుప్పటి పరిస్తే నిండిపోయే జాగా ఇది, రూప దీన్ని లాను అంటుంది, మంజునాథ్ కూడా లాను అనే అంటాడు, దీంట్లో గేటు వైపంతా గరిక పాకింది, మెట్ల వైపు ఇంకా కార్పెట్ గడ్డి ఉంది, నడుమ రెండూ పెనవేసుకున్నాయి, పీకబోతే ఒకదానితో ఒకటి లేచివస్తుంది. అంతే. దీనికి నాకు నోరు రావడం లేదు.

మంజునాథ్ నిన్ననే తేల్చి చెప్పాడు. వాడు లాన్లు వేస్తాడు, మందులు కొడతాడు, మాట సూటిగా ఉంటుంది. "ఒకదాన్ని సంపి ఇంకోదాన్ని బతికించే మందు నా తావ లేదప్పా. గడ్డిమందు కొడితే రెండూ పోతాయి. గరిక పోవాలంటే మందు కొట్టి, కిందుండే నల్లమన్నంతా తోడి పారేసి, ఎర్రమన్ను తోలి, కొత్త గడ్డి పరసాల. లేదు, గరికే ఉండనీ అంటావా, ఆ కార్పెట్ ముక్కలు పీకి యాడన్నా పారేస్తా. రెండూ ఒక తావ బతకవు. ఒకటి సెప్పు." రూప వాడి మాట విని నా వైపు చూసింది. పొద్దున గేటు దగ్గర చెప్పులేసుకుంటూ అన్న మాట ఇంకా చెవిలో ఉంది. "నేను సెప్తే, రేపు ఏదో మీటింగులో నా కూతురే మన చేని మన్ను పారబోసింది అని మైకులో అంటావు. నాకొద్దు ఆ పేరు. నువ్వే సెప్పు." కూతురు కాదది, నాకు తగిన శత్రువు. నేను పెంచాను మరి.

మన చేని మన్ను అంది కదా, అదే అసలు చిక్కు, గడ్డి కాదు. ఈ లాను కింద ఉన్నది తుగ్గలి పక్కన మాకుండిన చేని మన్ను. ఆ చేను ఇప్పుడు లేదు. లేదంటే ఉంది, కానీ దాని మీద నీలంగా సోలారు కరెంటు పలకలు పరుచుకుని ఉన్నాయి, చుట్టూ కంచె ఉంది, కంచె దగ్గర ఒక వాచ్‌మన్ ఉన్నాడు, వాడు నన్ను "ఎవరు నువ్వు" అని అడిగాడు. కంపెనీ వచ్చినప్పుడు పోరాడాం, జెండాలు కట్టాం, రోడ్డు మీద వంట చేసి అక్కడే తిన్నాం, ఒక్కొక్కరూ ఇచ్చేశారు, వాళ్లనేమనాలి, వాన లేని చేను పట్టుకుని ఏం చేస్తారు, చివరికి నలుదిక్కులా కంచె పడి మా చేనికి దారే లేకుండా పోయింది, ఎద్దు పోయే సందు కూడా లేదు, అప్పుడు మాదీ పోయింది. చేను పోకముందే ఇక్కడ రూప ఇంటి గోడలు లేస్తున్నాయి. ముందర గడ్డి వేయాలి, ఎర్రమన్నూ ఇసుకా కలిపి పోయాలని మంజునాథ్ అంటే నేనే ఎగిరాను. నల్లరేగడి రైతు కూతురింటికి మన్ను కొనుక్కొస్తార్రా? పత్తిని పండించిన మన్నుకు నాలుగు గడ్డి పోచలు లెక్కా? మా ఊరి రామాంజి ట్రాక్టరు కట్టుకుపోయి మా చేని గట్టు వారగా తవ్వి తోలుకొచ్చాం. ట్రక్కు మీద మన్ను పైన కూర్చుని నేనే వచ్చాను, పెళ్లికొడుకులా. ఊళ్లో ఎవరూ వద్దనలేదు. వద్దంటారా? మా వైపు ఎవణ్ణి నిద్రలేపి అడిగినా లోకంలో మేలైన మన్ను నల్లరేగడి అనే చెప్తాడు, అది తాగడానికి నీళ్లివ్వకపోయినా, తినడానికి తిండివ్వకపోయినా, అదే చెప్తాడు. ఆ మన్నులో ఏముందో ఎవరం అనుకోలేదు. గరిక ఉంది. గరిక వేరు చిటికెన వేలంత ముక్క మిగిలినా చాలు. మొదట కార్పెట్ గడ్డి పచ్చగా పట్టింది, రూప ఫోటోలు తీసింది. ఎండాకాలం రాగానే నల్లరేగడి తన పని తాను చేసింది, నెర్రె విచ్చింది, గడ్డి చాపలు నిలువునా చీలాయి, తొలి చినుకు పడగానే ఆ నెర్రెల్లోంచి ముళ్లు ముళ్లుగా ఒకటి తల ఎత్తింది. హులిగమ్మ దాన్ని చూసి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "వచ్చినాది నీ సుట్టం. అంతదూరం నుంచి ఎతుక్కుంటా వచ్చినాది."

హులిగమ్మ నా భార్య. ఇప్పుడు కూడా వెనక వరండాలో జొన్నలు చెరుగుతోంది, చేట చప్పుడు వినిపిస్తోంది, ఆ చప్పుడుకు మధ్య మధ్య పక్క సందులో మగ్గం చప్పుడు, రెండూ కలిసి ఒకటే మాట మళ్లీ మళ్లీ అంటున్నట్టుంది, తేల్చు తేల్చు అని. గరిక నా చుట్టమే, నిజం. నేను ఎక్కిన ప్రతి బండ మీదా, ప్రతి ఎడ్లబండి మీదా, మైకు ఉన్నా లేకపోయినా, చెప్పిన మాట అది. మనం గరిక! తొక్కితే చస్తామా? చావం! పీకితే పోతామా? పోం! ఎండబెడితే? వాన పడేదాకా ఓర్చుకుంటాం! జనం ఊగిపోయేవాళ్లు. ఆడవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు, ఎందుకు నవ్వుతున్నారో అప్పుడు ఆలోచించలేదు. ఒకసారి ఎమ్మిగనూరు సంత దగ్గర మీటింగు అయిపోయాక హులిగమ్మ నీళ్ల చెంబు అందిస్తూ అంది. "నీ ఉపన్యాసంలో గరిక. నా నడుములో గరిక." అంతే అంది, చెంబు తీసుకుని పోయింది. గరిక పట్టిన చేను అంటే ఏమిటో మా వైపు ఆడదానికి ఉపన్యాసం చెప్పాలా? ఎండాకాలం వచ్చిందంటే గుంపులు గుంపులుగా గడ్డపారలు పట్టుకుని చేలల్లో దిగడమే, నెర్రెల్లోకి గడ్డపార దింపి ఒక్కసారి పెళ్లగించాలి, పెడ్డ లేస్తుంది, పశువు తలకాయంత, దాన్ని పగలగొట్టి లోపలి తెల్లటి వేరును చేత్తో లాగాలి, లాగితే రాదు, తెగుతుంది, తెగితే మళ్లీ తవ్వాలి. మా అమ్మ ఆ పనిలో మోకాలి లోతు గుంటలో నిలబడి కనిపించేది, నేను గట్టు మీద నుంచి చూస్తే అమ్మ సగమే ఉండేది. తవ్విన వేర్లు కుప్పలు పోసి కాల్చేవాళ్లు. కాలిన కుప్ప అడుగున కూడా చిగురు వచ్చేది. దాన్ని చూసి నేను నినాదం చేశాను. దాన్ని చూసి అమ్మ నేల మీద కూలబడి తిట్టింది. ఒకే చిగురు. ఎవరు సరిగ్గా చూశారు?

గరిక ఉన్న చేనికి పిల్లనియ్యరు మా దిక్కు. పిల్లవాణ్ణి చూసేముందు పిల్ల తండ్రి చేను చూసుకుంటాడు, చేతికర్రతో అక్కడా ఇక్కడా పొడిచి చూస్తాడు, కర్ర మొన తెల్లటి వేరు పట్టుకొచ్చిందంటే తాంబూలం తీసుకోకుండా లేచిపోతాడు. నా పిల్లకు జీవితాంతం గడ్డపార ఇస్తానా అంటాడు. హులిగమ్మ తండ్రి కూడా వచ్చి పొడిచాడు. మా చేనిలో కర్ర ఎక్కడ దిగినా గరికే. మా అమ్మ తల వంచుకుని నిలబడింది. ఆయన కర్ర మొన తుడుచుకుంటూ నా వైపు తిరిగి ఏదో అడిగాడు, నేను భూమి ఎవరిదో, కూలి ఎవరిదో, నీళ్లు ఎవరు తాగుతున్నారో చెప్పడం మొదలుపెట్టాను, ఆయన వింటూ నిలబడిపోయాడు, పొద్దు గుంకింది, తాంబూలం తీసుకున్నాడు. "మా నాయన నీ నోటికి పడిపోయినాడు, గరికను మర్సిపోయినాడు" అని ఇప్పటికీ అంటుంది హులిగమ్మ. ఆ గరిక వల్లే కదా, పంట సగానికి సగం తినేస్తే, మేమిద్దరం సుగ్గికి పోయాం. సుగ్గి అంటే మా దిక్కు తెలియనివాళ్లుండరు, పంట లేని ఏడాది చాపలూ గిన్నెలూ కట్టుకుని గుంటూరు దిక్కు మిరపకాయ కోతకు లారీలెక్కి పోవడం. అంటే గరిక మమ్మల్ని ఊళ్లోంచి తోలేసింది. మరి దాన్ని నేను మైకులో మోశాను. ఇదేం రాజకీయం? ఆగు, ఆగు, గరిక ఒక్కటే తోలిందా, వాన లేదు, కాలవ నీళ్లు మా దాకా రాలేదు, పత్తికి ధర లేదు, గరిక పేరు పెట్టి వాళ్లందరినీ వదిలేస్తామా, వదలం, వదలకూడదు, కానీ గడ్డపార దిగింది మాత్రం గరిక మీదే.

"అన్నా, కొంచెం గరిక పీక్కుంటానన్నా." గేటు దగ్గర ఎదురింటి సుబ్బలక్ష్మమ్మ. ఆమె భర్తకు ఆదోనిలో పత్తి వ్యాపారం. చేతిలో ఇత్తడి పళ్లెం ఉంది, తల తడిగా ఉంది. "ఈ పొద్దు సంకటహర చవితి. వీధంతా సిమెంటు ఏసినారు, స్వామికి రెండు పోసలు కావాలంటే మీ ఇల్లే దిక్కు." పీక్కోమ్మా అన్నాను. ఆమె వంగి ఎంచి ఎంచి కోసుకుంటోంది, మూడు పోచలుగా చీలినవే కావాలి ఆమెకు. "మంజునాథ్ వస్తాడంట కదా. మందు కొడతారంట కదా. తీసేయొద్దన్నా, పాపం. అడగకుండా మొలిసింది ఇంటికి మంచిది." నేను గుడి మెట్టెక్కను, కొబ్బరికాయ కొట్టను, వినాయకుణ్ణి పెట్టి చందాలు దండేవాళ్లతో తగువు పెట్టుకుని తల పగలగొట్టించుకున్నవాణ్ణి. ఆమె భర్త తూకం దగ్గర రైతును ఎలా కోస్తాడో నాకు తెలుసు, ఆ తూకం ముందే ధర్నా చేశాం. ఇప్పుడు గరిక ఉండాలనేవాళ్లు ఈ వీధిలో ఇద్దరే ఇద్దరు, ఆమె, నేను. ఇదేం పొత్తు? గరికా, నువ్వు ఎవరి పక్షం? నా మైకులో ఎర్రజెండా కింద ఊగావు, ఆమె పళ్లెంలో దేవుడి తల మీదికి పోతున్నావు, మా అమ్మ నడుము విరిచావు. ఆమె లేస్తూ అంది. "కార్పెట్ గడ్డి సూడ్డానికి బాగుంటాదిలే. దేవుడికి మాత్రం పనికిరాదు." పనికిరాకపోతే మంచిదే కదా అనుకున్నాను, ఆ మాట అనుకున్న వెంటనే నేను కార్పెట్ గడ్డి పక్షానికి ఎప్పుడు మారానో తెలియక తికమకపడ్డాను.

కార్పెట్ గడ్డి మీద నాకు కోపం ఉండేది. మొదట దాని పుట్టుక మీద. మెక్సికన్ గడ్డి అన్నాడు మంజునాథ్, కడియం నుంచి వస్తుందన్నాడు. మెక్సికో ఎక్కడో, కడియం గోదావరి పక్కన. గోదావరి నీళ్లు తాగి పెరిగినదాన్ని తెచ్చి, వేసవిలో కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఎమ్మిగనూరులో పరచి, దానికి తుంగభద్ర నీళ్లు పైపుతో పోయడమా? ఆ నీళ్ల కోసం మా వాళ్లు ఎన్ని పాదయాత్రలు చేశారు, నేను ఎన్నిసార్లు పోలీసు జీపులో పడ్డాను. రూప పైపు పట్టుకుని నీళ్లు కొడుతుంటే నా గొంతు ఎండినట్టుండేది. గరికకు ఎవడు పోశాడు నీళ్లు? ఎవడూ పోయడు. పోయకపోయినా బతికేవాడు మనవాడు, పోస్తే తప్ప బతకనివాడు పైవాడు. ఇంత తేలిక లెక్క. ఈ లెక్కతోనే కదా ఇన్నేళ్లు నడిచాం. కానీ అది వచ్చిన రోజు నేను గేటు దగ్గరే ఉన్నాను, ఆ లారీ ఆగింది, వెనక తలుపు దించారు, లోపల చుట్టలు చుట్టలుగా గడ్డి, చాపలు చుట్టినట్టు చుట్టి, కొబ్బరి పీచు తాడు కట్టి, ఒకదాని మీద ఒకటి. వేర్లు గాలిలో వేలాడుతున్నాయి, చివర్లు పసుపు పచ్చగా వాడాయి. దాన్ని చూడగానే నాకు సుగ్గి లారీ కనబడింది. మేమూ అంతే కదా, చాపలు చుట్టి తాడు కట్టి, పిల్లల్ని మూటల మధ్య కూర్చోబెట్టి, ఎవరిదో తెలియని నేల మీద దించితే అక్కడ చాప పరచుకున్నాం. అక్కడివాళ్లు మమ్మల్ని ఎలా చూశారు? బావి దగ్గరికి రావద్దన్నారు. మీ భాష ఏందిరా అని నవ్వారు. వీళ్లు వస్తే మా కూలి పడిపోతుంది అన్నారు అక్కడి కూలోళ్లు, వాళ్లూ పేదోళ్లే, వాళ్లూ మా మాదిరే గోచీలోళ్లే, పుట్టిన నేల అనే ఒక్క బలంతో మమ్మల్ని కిందికి నొక్కారు. అంటే ఆడ మేం కార్పెట్ గడ్డి, వాళ్లు గరిక. ఈడ నేను గరిక. ఆడొకటి ఈడొకటా మనిషి? అప్పుడు నీళ్లు అడిగింది ఎవరు? మేమే. పోస్తే తప్ప బతకనివాళ్లు ఎవరు? మేమే. నా తేలిక లెక్క ఆ లారీ కిందే నలిగిపోయింది, నేను ఒప్పుకోలేదు, అంతే, కేకలేసి ఊరుకున్నాను. కడియంలో ఆ గడ్డిని ముక్కలుగా కోసి చుట్టినవాళ్లు కూడా ఆడకూలీలే అయి ఉంటారు, వంగి వంగి, వాళ్ల నడుములో ఈ గడ్డి ఉంటుంది. ప్రతి గడ్డీ ఏదో ఒక ఆడదాని నడుములో ఉంది. దీనికి నినాదం ఎలా కట్టాలి?

చేట చప్పుడు ఆగింది. మగ్గం కూడా ఆగింది, కరెంటుతో పనిలేని మగ్గం ఎందుకు ఆగుతుంది, టీకి లేచి ఉంటాడు. అల్లుడు కిరణ్‌కు ఫోన్ చేద్దామా? కోడుమూరులో బడిపంతులు, మంచివాడు, మెత్తనివాడు, ఏది అడిగినా "మీ ఇష్టం మామా" అంటాడు, ఆ మాటతో నలభై మంది పిల్లల్ని ఎలా అదుపులో పెడతాడో. వద్దు. రూపకు ఈ గడ్డి ఎందుకు కావాలి? అది ఒక్కటి తేలితే అన్నీ తేలతాయి. షోకు అన్నాను నేను మొదట. నాలుగు జీతాలు చూడగానే దొరసాని బుద్ధులు అన్నాను, అందరి ముందరే అన్నాను. ఆమె అరవలేదు. "మన పాత ఇంటి ముందర ఏముండింది నాయినా?" అంది. ఏముంది, వాకిలి ఉంది అన్నాను. "వాకిలి యాడుండింది? మీటింగు ఉండింది. పొద్దున లేస్తే జనం, సాయంత్రం వస్తే జనం, నేను బడి నుంచి వస్తే కాలు పెట్టే సందు లేదు, ఎవరెవరో బీడీలు తాగుతా, ఉమ్ముతా, అమ్మ టీలు కాస్తా. పరీచ్చ రాత్రి కూడా నువ్వు జెండా కర్రలకు గుడ్డ కుట్టిస్తాంటివి. నాకు వాకిలి కావాల. ఉత్త వాకిలి. ఎవరూ కూసోని తావు, దేనికీ పనికిరాని తావు ఒకటి నా ఇంటి ముందర ఉండాల." దేనికీ పనికిరాని తావు. ఈ మాట నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు, భూమి దేనికీ పనికిరాకుండా ఉండడమేంటి, జానెడు జాగా కోసం తలలు పగిలిన చోట. కానీ ఆమె ముఖం అర్థమైంది. ఆ జనం కోసం కదా నేను బతికింది, ఆ జనంలో నా బిడ్డ లేదా, ఉంది, మూలన పుస్తకం ఒళ్లో పెట్టుకుని సందు కోసం చూస్తోంది. ఇప్పుడు ఆమె సందు ఆమె కట్టుకుంది. దాంట్లోకి కూడా నేను మన్ను తోలించాను, నా చేని మన్ను, నా గరికతో సహా. అంటే గరిక ఎవరు? నేనేనా? ఆమె పొద్దున తేల్చమన్నది గడ్డినా, నన్నా? ఛీ, ఇది ఎక్కువైంది, గడ్డి గడ్డే, మనిషి మనిషే, ప్రతిదాన్నీ ఇంకొకటిగా చూసే రోగం మైకు వల్ల పట్టింది.

లేచి లాన్లోకి దిగాను. నడుమ పెనవేసుకున్న చోట వంగి ఒక పోచ పట్టుకున్నాను. కణుపు ఉంది, గరికే, లాగాను, వచ్చింది, చూస్తే కార్పెట్ గడ్డి. ఇంకొకటి పట్టుకున్నాను, సన్నగా మెత్తగా ఉంది, ఇది అదే అనుకున్నాను, లాగితే జానెడు తెల్ల వేరు నల్లమన్నుతో సహా వచ్చింది, గరిక. రోజూ నీళ్లు తాగి గరిక మెత్తబడింది, నెర్రెల మీద పడి కార్పెట్ గడ్డి మొండిబారింది. నడక చూసి మనిషి పక్షం చెప్పేవాణ్ణి, చేతిలో పెట్టుకుని గడ్డి ఏదో చెప్పలేకపోతున్నాను. వేరుకు అంటిన మన్ను వేళ్ల మధ్య నలిపాను. మా చేని మన్ను. ఇప్పుడు లోకంలో మా చేను మిగిలింది ఈ దుప్పటంత జాగా కిందే. అది నలుగుతూ ఉంటే తెలిసింది, నాకు గరికా వద్దు, కార్పెటూ వద్దు, ఇది పోకూడదు. అంతకు మించి ఏమీ తెలియలేదు.

గేటు చప్పుడైంది. మంజునాథ్. పంపు వీపున, చేతిలో మందు డబ్బా. "ఏమప్పా, తేల్సినావా? బండి మాట్లాడినా, రేపు మన్ను తోలుకుపోతాడు. ఏదో కల్యాణ మండపం పక్కన గుంత పూడ్సాలంట, తీసుకుంటామన్నారు."

గుంత పూడ్చడానికా! నోరు దానంతట అదే తెరుచుకుంది. "రెండూ సంపేయ్. మన్ను మాత్రం ముట్టుకోవద్దు."

"రెండూనా?"

"రెండూ. మళ్లీ ఆ కార్పెట్ గడ్డే తెచ్చి పరుసు. ఈ మన్ను మీదే."

వాడు పంపు దించి నా ముఖం చూశాడు. "అప్పా, మందు పైకి కనపడేదాన్నే సంపుతాది. కిందుండే వేరు ఈ మన్నులోనే ఉంటాది. వచ్చే వానకు గరిక మళ్లీ లేస్తాది. నేను గ్యారంటీ ఇయ్యను."

"నిన్ను గ్యారంటీ అడిగినానా?"

హులిగమ్మ చేటతోనే వచ్చి గడప దగ్గర నిలబడింది. అంతా విన్నట్టుంది. "అంటే మొత్తం మీద మూడు పనులూ సేస్తాండావు. గరికనూ సంపుతావు, బిడ్డ గడ్డినీ సంపుతావు, మళ్లీ గరికనూ పిలుస్తావు. బాగుంది తీర్పు. తాసిల్దారుకన్నా ఘనుడివి."

"నీకేం కావాల్నో సెప్పు అయితే."

"నన్నెవరు అడిగినారు ఇంతసేపూ?" చేట గోడకు ఆనించింది. "అడిగినావు కాబట్టి సెప్తా. ఆ మన్ను పారబోస్తే నాకేం బాధ లేదు. నా పానం సగం దాంట్లోనే పోయింది. ఉంటే మాత్రం, మొలిసిందాన్ని పీకేది నువ్వు. నేను వంగను. రామాంజిని పిలువు, జనాన్ని పిలువు అంటే కాదు, నువ్వే."

"పీకుతా."

"ప్రతి వానకూ."

"పీకుతానంటినా లేదా?"

మంజునాథ్ నవ్వు ఆపుకుంటూ డబ్బా మూత తిప్పాడు. ఆ వాసన వచ్చింది. పల్లెల్లో ఆ వాసన వస్తే జనం పరుగెత్తేవాళ్లు ఏ ఇంట్లో ఎవరు తాగారో అని. హులిగమ్మ కొంగు ముక్కుకు పెట్టుకుంది. నా జేబులో ఫోన్ మోగింది, రూప. బస్టాండులో దిగిందట, ఆటో కోసం నిలబడిందట. ఏం చెప్పావు అంది. చెప్పాను. తీర్పు చెప్పేటప్పుడు ఉండే గొంతు నాకు రాలేదు, దొంగలా చెప్పాను, మన్ను ఉండనీ అన్నా, గడ్డి రెండూ పోతాయి, మళ్లీ నీ గడ్డే పరుస్తాడు, గరిక లేస్తే నేను పీకుతా. ఫోన్‌లో ఆటోల కేకలు, ఎవరో పెద్దకడుబూరు పెద్దకడుబూరు అని పిలుస్తున్నారు. కోపమొచ్చిందా? ఏడుస్తోందా? చిన్నప్పుడు కూడా అంతే, అరిచేది కాదు.

"వాడు మందు కొట్టినాడా?" అంది చివరికి.

"ఇంకా లేదు. కలుపుతాండాడు."

"ఆపమను. నేను వస్తాండా. ఒకసారి వట్టి కాళ్లతో నడుస్తా. ఇంతవరకూ నడవనే లేదు నాయినా, పాడైపోతాదని."

మంజునాథ్‌ను ఆపమన్నాను. వాడు మూత బిగించి మెట్ల మీద కూర్చున్నాడు, హులిగమ్మ టీ పెట్టడానికి లోపలికి పోయింది. ఆటో ఆగింది. రూప దిగింది, తెల్ల డ్రెస్సు మీద రోజంతా పని చేసిన మరకలు, నా వైపు చూడలేదు, మంజునాథ్ వైపూ చూడలేదు, గేటు పక్కన బ్యాగు పెట్టింది, చెప్పులు విడిచింది. ముందు ఒక కాలు పెట్టి ఆగింది. తర్వాత నడిచింది, గేటు నుంచి గోడ దాకా, గోడ నుంచి మెట్ల దాకా, మళ్లీ వెనక్కి, తల వంచుకుని, నిదానంగా. ఇది గరికమ్మా, అది నీ గడ్డి అని చెబుదామనుకున్నాను. ఆమె పాదం ఏ గడ్డి మీద పడుతోందో నాకే తెలియలేదు. ఆమె అడగనూ లేదు.